దెబ్బ తర్వాత

ఆటలో ఆ పిల్ల పేరు ముత్తెం.
మీటలు: కింద, ముందు, కొట్టు.
నాలుగోది కూడా ఉంది, అది మీట కాదు,
వేలు తీసెయ్యడం.

మొదట్లో అందరూ ఏదో తప్పు దొర్లిందనుకున్నారు.
సమ్మెట గాల్లో ఒక చుట్టు తిరిగి
అవతలివాడి రొమ్ముకి టక్కున తగిలి ఊరుకుంటుంది.
వాడి ప్రాణం గీత వెంట్రుకంత కూడా తగ్గదు.
ముత్తెం వీపు తిప్పేసి
చెంగుతో మొహం తుడుచుకుంటుంది.
నలభై ఏడు ఫ్రేములు ఏమీ జరగదు.
నలభై ఎనిమిదో దానికి
వాడు నిలువునా రెండవుతాడు.

చేతుల్లోంచి నిప్పు రావాలన్నాడు మా ఓనరు.
పోనీ మెరుపన్నా రానీ అన్నాడు.
నేను చీమకుర్తివాణ్ణి,
నాకు తెలిసిన దెబ్బ ఒకటే.

రామతీర్థం అవతల క్వారీ గుంట అంచున
మా అమ్మ ఇడ్లీ బండి.
వైరు రంపాలు ఇంకా మా గుంటకి రాలేదు.
వల్లెపు పోలేరమ్మ
రాయి వాటం అరచేత్తో తడిమి చూసి
వరసగా పదకొండు సీలలు దిగేసి
ఈ చివర నుంచి ఆ చివరకి తట్టుకుంటూ పోయేది,
నిద్రపోయే పిల్లల తలలు లెక్కపెట్టినట్టు.
మళ్ళా ఈ చివర నుంచి.
టింగు, టింగు, టింగు...
ఎక్కడో ఒక చోట టంగుమనేది.
ఆ గొంతు మారంగానే సమ్మెట కింద పడేసేది.
తొందరపడి ఇంకోటి వెయ్యబోయినవాడికి
ఏడు తరాలు వినపడేట్టు తిట్లు.

"కొడితే పగలదబ్బాయా.
కొట్టినాక ఊరుకుంటే పగిలిద్ది.
లోపల అది మనసు చేసుకోవాల గదా."

చుట్ట ముట్టించేది.
నేను ఇడ్లీ పొట్లం పట్టుకుని నిలబడేవాణ్ణి.
ఒక దమ్ము. రెండు. మూడు.
అప్పుడు, ఎవరూ ముట్టుకోకుండా,
లారీ అంత రాయి
పెసరకాయ ఎండకి చిట్లినంత చప్పుడు చేసి
తనంతట తాను విడిపోయేది.
లోపలి మొహానికి అదే మొదటి వెలుతురు.
నలుపు నిండా బంగారు నలుసులు.
అవి ఏ దేశంలో ఎవరి కాళ్ళ కిందికి పోతాయో
మేమిద్దరం అడగలేదు.

మూడు దమ్ములు నలభై ఏడు ఫ్రేముల్లో పట్టవు.
ఆడేవాళ్ళకి అంత ఓపిక లేదన్నారు, కోశాను.
కొయ్యనిది ఇంకొకటుంది.

రాయి విడిపోయాక పోలేరమ్మ దగ్గేది.
చుట్ట వల్లనేనని తను అనుకునేది.
ఒంగోలు ఆస్పత్రిలో టీబీ అన్నారు,
ఆరు నెలలు మాత్రలిచ్చారు.
దుమ్ము పేరు ఎవరూ ఎత్తలేదు.
ముత్తెం కూడా దగ్గుతుంది,
పన్నెండు ఫ్రేములు, చెయ్యి గుండె మీద.
"ఇది తీసెయ్, జనం బగ్గనుకుంటారు" అన్నారు.
ఊఁ అన్నాను. తియ్యలేదు.

ఆట వచ్చిన వారానికే కుర్రాళ్ళు కనిపెట్టారు:
ముత్తాన్ని పడగొట్టాలంటే
దగ్గేటప్పుడే కొట్టాలి.
ఈ సంగతి వాళ్ళకెవరూ నేర్పలేదు.

మొన్న ఊరెళ్ళి పోలేరమ్మకి చూపించాను.
నులక మంచం మీద లేచి కూర్చుని
ఫోను కంటికి ఆనించుకుని
మూడుసార్లు వేయించుకుంది.
చీల్చడం చూసి నవ్వలేదు,
దగ్గు దగ్గర ఏమీ అనలేదు.
"ఆ పిల్ల ఎడం చెయ్యి ఆడ పట్టుకోకూడదయ్యా" అంది,
"సమ్మెట జారితే యేళ్ళు పోతయ్."
తన ఎడం చెయ్యి చాపింది.
మూడే ఉన్నాయి.
ఇన్నేళ్ళూ పొట్లం అందించింది ఆ చేతికే.

కొత్త వెర్షన్ మార్పుల జాబితాలో
చివరి నుంచి రెండోది,
ఎవరూ చదవని వరస:
ముత్తెం ఎడమ చెయ్యి, రెండంగుళాలు కిందికి.