మూడు గంటల పళ్ళెం

రాత్రి మూడింటికి నా కిటికీ రెక్క పైకి లేస్తుంది.
అటకామా ఎడారి, రాగి గని.
బయట చలికి ఇనుము కూడా ముడుచుకు పడుకుంటుంది.
లోపల నా పొయ్యి మీద
నాలుగు వందల మంది ఆకలి ఉడుకుతుంటుంది.

పధ్నాలుగేళ్ళుగా వడ్డిస్తున్నాను.
వేయించిన పంది ముక్కలు, వాటి మీద రెండు గుడ్లు,
బంగాళాదుంపల గుట్ట, ఎర్రటి తీపి సోడా.
"చల్లని చెయ్యి నీది అనిసేతో" అని పోయేవాళ్ళు.
నా చెయ్యి చల్లగానే ఉండేది.
తెల్లారేసరికి వాళ్ళ గుండెల్లోనే మంట.

ఆకలి రుచి ఎరగదంటారు.
నిజమే.
కానీ పొద్దు ఎరుగుతుంది.
ఆ సంగతి నీవియా చెప్పేదాకా నాకు తెలీదు.

నీవియా ఇల్లంత లారీ తోలుతుంది,
దాని టైరే ఆమెకు రెండింతలు.
ఒక రాత్రి పళ్ళెం నా వైపు వెనక్కి తోసింది.
"ఉప్పు ఎక్కువైందా?"
"కాదు, వేళ ఎక్కువైంది."

జేబులోంచి మడతల కాగితం తీసింది.
ఆస్పత్రిలో ఎవరో కుర్ర డాక్టరమ్మ గీసిచ్చిందట:
ఒక గడియారం, దాని నడుమ చిక్కుడు గింజలా కాలేయం.
గీత బాగాలేదు. మాట బాగుంది.
"గోదాం కాపలావాడు నిద్రపోయాక
వాకిట్లో బస్తాలు దించిపోతే ఏమవుతుంది?
ఆ బస్తాలే నీ నెత్తుట్లో చక్కెర.
ఈ దీపాలన్నీ నీ కళ్ళకేనమ్మా,
లోపలివాడికి ఇంకా అర్ధరాత్రే."

నవ్వాను.
ఇంటికెళ్ళి బెల్టు విప్పుతుంటే నవ్వు ఆగింది.
వంటవాడి రాత్రి చెంచాల్లో గడుస్తుంది,
ఉప్పు చూడ్డానికొకటి, కారం చూడ్డానికొకటి,
ఊరికే ఒకటి.
ఎవరూ లెక్కపెట్టరు.
బెల్టు లెక్కపెడుతుంది.

ఇప్పుడు నీవియా డ్యూటీకి ముందే తింటుంది,
గుమ్మడీ మొక్కజొన్నా మాంసమూ వేసిన పులుసు, కడుపారా.
మూడింటికి నా దగ్గర గ్లాసుడు వేడి రసం, అంతే.
పొద్దున బస్సులో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని
సూర్యుణ్ణి మోసం చేస్తూ ఇల్లు చేరుతుంది,
గుప్పెడు ఓట్లు తాగి పడుకుంటుంది.
సాయంత్రం అయిదింటికి
కొడుకు యెర్కో బడి నుంచి వస్తాడు.
మా కలామా ఊళ్ళో అది టీ వేళ,
రొట్టె, నలిపిన అవకాడో, ఉడికిన గుడ్డు.
వాడి సాయంత్రమూ ఆమె ఉదయమూ
ఒకే రొట్టెను చెరో కొసనుంచీ తుంచుతాయి.
"వాడు తిన్నంతసేపూ నాకు తెల్లవారుతుంది" అంది.
ఇది ఏ డాక్టరమ్మా రాసివ్వలేదు.

అందుకే మూలన ఒక రసం గిన్నె పెట్టాను.
మొదటి వారం తొమ్మిది గ్లాసులు.
ముసలి బాల్దొమేరో మూత ఎత్తి చూసి
"ఎవరు చచ్చారు? ఈ పథ్యం ఎవరికి?" అని అరిచాడు.
నేను మాట్లాడకుండా అతని పంది ముక్కలు అతనికి పెట్టాను.
వైద్యుణ్ణి కాను, గరిటె పట్టినవాణ్ణి.
నిన్న మాత్రం అతను
ఎవరూ చూడట్లేదనుకుని
గ్లాసు పట్టుకుని గిన్నె దగ్గర నిలబడ్డాడు.
నేనూ చూడలేదు.

సెలవు రాత్రుల్లో కూడా
సరిగ్గా మూడింటికి నాకు మెలకువ వస్తుంది.
కడుపు తలుపు గీకుతుంది.
పధ్నాలుగేళ్ళు నేనే మప్పిన కుక్క,
దాన్ని తిట్టి ఏం లాభం?
ఫ్రిజ్ తెరవను. దాని దీపం కూడా పొద్దే కదా.
చీకట్లోనే గ్లాసుడు నీళ్ళు తాగుతాను.
మొరగనీ.
కొండల వెనక ఎరుపు రావడానికి
ఇంకా మూడు గంటలుంది.
పెనం కడిగి బోర్లించే ఉంది.