గీత దాటి పోయొద్దు

మెట్టుగడ్డ దాటినంక మూతబడ్డ హోటల్.
బోర్డు మీద 'ఫ్యామిలీ' మిగిలింది,
'రెస్టారెంట్' రాలిపోయింది.
కౌంటర్ పక్కన దుమ్ము కప్పుకొని
నాలుగడుగుల చేపల తొట్టి, అక్రిలిక్‌ది.
"అద్దం కాదు మేడం, పలగదు" అన్నడు కుర్మన్న.
"నాలుగు వేలు. స్టాండు ఉత్తగనే."

ఇరవై రెండేండ్లు జిల్లా దవాఖానల ఎక్స్‌రేలు తీసినదాన్ని.
పలగవనుకున్నవన్నీ నా బల్ల మీదికే వచ్చినయి.
నడిమికి విరిగిన ఎముక దాచుకోదు, అరిచి చెప్తది.
వెంట్రుకవాసి చీలిక ఉన్నదే,
ఫిల్మును ఏటవాలుగా పట్టుకుంటే గాని నోరు విప్పదు.

లైట్లు ఆర్పమన్న.
ఫోను వెలుగు పక్క నుంచి పెట్టిన.
ఎదురుంగ చూస్తే ఏమీ లేదు.
పక్క వెలుతుర్ల ముందు పలక నిండా
సాలెగూటి పోగులంత సన్నటి గీతలు.
గోరుతో తడిమిన.
కొన్ని తగిలినయి.
ఏ పిలగాడో తాళంచెవితో గీసినవి,
పాలిష్ పడితే పోతయి.
కొన్ని గోరుకు అందలేదు.
అవి లోపలున్నయి.

"దేంతోని తుడిచేటోళ్లు?"
"అద్దాలు తుడిచే నీలం మందు మేడం.
ఒక్క దినం తప్పలే."
ఎంత గర్వం ఆ గొంతుల!
ఆ తుడుపే దీన్ని తిన్నదని
ఎట్ల చెప్పాలె?

మూలల కాడ మోకాళ్ల మీద కూసున్న.
అతుకు నీళ్ల లెక్క తేటగుండాలె.
మూడు తేటగనే ఉన్నయి.
నాలుగో మూలకు బియ్యపు గింజంత తెలుపు,
దాని ఎంబడి ఆవగింజల్లాంటి బుడగలు.

"చేపలకు మందులేమన్న ఏసిండ్రా?"
"అది అంజద్‌కు ఎరుక."
అంజద్ ఇప్పుడు జడ్చర్లల పరుపులు అమ్ముతున్నడు.
ఫోన్ల నవ్విండు: "రాగి మందు ఒక్కసారి ఏసినం,
చేపలు బతికినయ్, నత్తలన్నీ పోయినయ్."
రాసుకున్న: నత్తలు వద్దు, రొయ్యలు వద్దు.

రెండు వేల రెండు వందలకు తెగింది.
స్టాండు అక్కడనే వదిలేసిన.
నాలుగు అంచుల మీద నిలబెట్టేది అద్దానికి చాలు,
దీనికి పొట్ట కింద అంతా ఆసరా కావాలె.

పెరట్ల మట్టం చూసి, ప్లైవుడ్ చెక్క,
చుట్టూ అతుకుల కింద పాత పేపర్లు.
ముందు పలకకు అడ్డంగా దారం కట్టి,
దారానికి ఎంత ముందుకొచ్చిందో స్కేలుతో కొలుచుడు.
మొదటి దినం పావు తొట్టి. ఏమీ లేదు.
రెండో దినం సగం. మూడు మిల్లీమీటర్లు.
మూడో దినం ముప్పావు. ఐదు.
నాలుగో దినం నిండా పోసిన.
మూడు వందల నలభై లీటర్లు,
పెరట్ల ఒక గది నిలబడ్డట్టు.
పొద్దుగూకేసరికి పదకొండు.
పేపరు మీద చుక్క పడలేదు.
బియ్యపు గింజ మాత్రం
చింతగింజంత అయింది.

పైపు పెట్టి జామచెట్టుకు వదిలిన.
సగం మీద రెండేళ్ల ఎత్తున
నల్ల స్కెచ్‌తో గీత గీసిన.

"సగం తొట్టికేనా రెండు వేలు?" అన్నడు చేతన్.
బండమీదిపల్లి హమాలీ యాదికొచ్చిండు.
కాలి ఎముకల ఇసుమంత గీటు.
"నడువొచ్చు, మూట మొయ్యొద్దు" అన్నడు డాక్టరు.
"సరే సారు" అని పోయిండు.
పల్లికాయ సీజను.
తొమ్మిదో దినం ఆటోల పండుకోబెట్టి తెచ్చిండ్రు.
ఆ ఫిల్మును ఏటవాలుగా పట్టుకునే పని పడలేదు.

గీత కింద ఇప్పుడు ఆరు గోల్డ్‌ఫిష్‌లు.
పైన ఖాళీ ఎందుకని వాటికి అనుమానం లేదు,
చేతన్‌కే ఉంది.
ఎండకాలం, కరెంటు పోయిన రాత్రి
నీళ్లు తగ్గినయని బకెట్టు తెస్తడు,
గీత కాడికి వచ్చి ఆగుతడు, నా దిక్కు చూస్తడు.

పేపరు ఇంకా తీసెయ్యలే.
నిన్నటిది మడిచి,
ఇయ్యాల్టిది చదివినంక
నాలుగో మూల కింద పరుస్త.