రసమట్టంలో బుడగ

నా పేరు సెలెడోనియో. టొకొనావో ఊరివాణ్ణి.
తెల్లరాయి చెక్కి గోడ కట్టడం మా ఇంటి పని.
రసమట్టం, మూలమట్టం, తూకం గుండు
ఈ మూడూ అబద్ధం చెప్పవనేవాడు నాన్న.
నాలుగోవాడు మేస్త్రీ. వాడు చెబుతాడు.

ఆగస్టులో కొండ మీద టెలిస్కోపుకి దిమ్మె కట్టమన్నారు.
ఉప్పు మైదానం మీంచి వచ్చే గాలి
చెంపల్ని ఉలిలా గీరేది.
పదకొండు రోజులు.
ఆరిన కాంక్రీటు మీద నాలుగు దిక్కులా తిప్పి చూశాను,
బుడగ రెండు గీతల మధ్య
పాలు తాగి పడుకున్న పిల్లలా కదల్లేదు.

దాని మీద వాళ్ళేం చేశారు?
ఇనప ఇరుసును ఇరవై మూడు డిగ్రీలు
వాల్చి బిగించారు.
"మరి నా పదకొండు రోజులు ఎందుకు?" అన్నాను.
మారిత్సా నవ్వింది.
ఆంతొఫగాస్తా పిల్ల, రేవులో క్రేను నడిపినామె కూతురు,
రాత్రంతా మేలుకున్నందుకు జీతం తీసుకుంటుంది.
"సరిగ్గా వంగాలంటే మేస్త్రీ,
ముందు కింద సరిగ్గా ఉండాలి కదా."

ఆ రాత్రి లైట్లన్నీ ఆర్పి నన్ను బయట నిలబెట్టింది.
పొద్దు గుంకిన చోటు నుంచి
పలచగా పిండి చల్లినట్టు ఒక వెలుగు పైకి లేచి ఉంది.
"గ్రహాలు తిరిగే బాట మీది దుమ్ము అది.
అదిగో కుజుడు, ఆ పైన శని. బాట వదలరు."
నడినెత్తిన పాలపుంత.
అందులో మా అమ్మమ్మ చూపించిన నల్లని లామా,
మెడ చాచి, నైరుతి దిక్కుని మేస్తూ.
దుమ్ముబాట ఎక్కి ఎక్కి వెళ్ళి
పాలపుంతని ఏటవాలుగా కోసింది.

జేబులోంచి దారం తీశాను.
మూడు సమాన కొలతలు, మూడు ముళ్ళు,
వేళ్ళతో లాగి పట్టుకుంటే ముక్కోణం.
ఒక అంచు పాలపుంతకి ఆనించి
ఇంకో అంచు ఎటు పోతుందో చూశాను.
దుమ్ముబాట మీదే పడింది.
అరవై.
మారిత్సా తన పట్టికలు తెరవలేదు.

"ఎవడు కట్టాడిది?" అన్నాను.
ఇంత పెద్ద గెలాక్సీ నేలని బల్లపరుపుగా వేసి
మన సూర్యుడి వాకిలి ఇంత వాలుగానా?
భూకంపమేమైనా వచ్చిందా?
"ఏదీ కూలలేదు. పుట్టుకే అంత.
ప్రతి నక్షత్రమూ ముందొక మబ్బు.
ఏ మబ్బు సుడి దానిది, గెలాక్సీని అడిగి తిరగలేదు.
పక్క నక్షత్రం ఇల్లు ఇంకోలా వాలి ఉంటుంది,
దాని పక్కది మరోలా. వరసా లేదు, వాస్తూ లేదు.
ఈ వాలుతోనే సూర్యుడు గెలాక్సీని ఒక చుట్టు చుట్టడానికి
ఇరవై రెండు కోట్ల ఏళ్ళు పైనే.
అంతసేపూ బుధుడు కూడా జారి పడడు."

వరస లేదన్న మాట నాకు నచ్చలేదు.
ట్రక్కు దిగేదాకా నోరు విప్పలేదు.

అమ్మమ్మ యూఫ్రాసియా ఇల్లు గుర్తొచ్చింది.
నా ఏడో ఏట భూమి కదిలి
ఆ ఇల్లు వాగు వైపు ఒరిగింది.
నాన్న గుండు వేలాడదీసి
"నాలుగు వేళ్ళు తేడా, పడగొట్టి కడదాం" అన్నాడు.
ఆమె బల్ల కాలి కింద చెక్కముక్క దోపి
"ముందు తినండి" అంది.
గోడ వంకర, గుమ్మం వంకర, కిటికీలో అగ్నిపర్వతం వంకర.
గిన్నెలో మొక్కజొన్న పులుసు మాత్రం
తన మట్టం తాను చూసుకుంది.
ఇంకో ఇరవై ఆరేళ్ళు ఆమె అందులోనే ఉంది.
చివరికి చర్చి ముందు చదును నేల మీద కూడా
కాస్త వాగు వైపు మొగ్గి నడిచేది.

మర్నాడు పరంజా విప్పడానికి పైకెళ్ళి
చీకటి పడేదాకా ఏదో పని కల్పించుకున్నాను.
ఎవరూ చూడట్లేదనుకున్నాక
రసమట్టాన్ని ఎత్తి
పాలపుంత అంచుకి సరిగ్గా పట్టుకున్నాను.
బుడగ ఒక చివరికి పరిగెత్తి
అక్కడ వణుకుతూ నిలబడింది.
"మేస్త్రీ, టీ చల్లారుతోంది!" లోపల్నుంచి మారిత్సా.
చెయ్యి లాగేదాకా
దింపలేదు.