వేలిగోరంత జెండా

హిద్ద్ డ్రైడాక్‌లో నా పని
ఓడల పేర్లు చెరపడం.
అమ్ముడైన ఓడ ఒళ్ళంతా గుల్లలు పట్టి
నీళ్ళలోంచి లేచి నిలబడితే
వెనక వీపు మీద పాత పేరుకి రంగు పూసి
కొత్త పేరు, కొత్త రేవు రాస్తాను.
మజురో అని రాస్తాను, మన్రోవియా అని రాస్తాను.
ఆ ఊళ్ళని ఆ ఓడలూ చూడలేదు, నేనూ చూడలేదు.

రాత్రి పది దాటింది.
ఏసీ కింద బకెట్టులో చుక్క, చుక్క.
పగిలిన ఫోను అద్దంలో
మా తాత ఓడ దొరికింది:
వంశధార.
విజ్ఞానసర్వస్వంలో దాని మీద నాలుగే వాక్యాలు.
మైన్లు ఏరే చిన్న ఓడ, కలకత్తాలో కట్టారు,
నలభైమూడు ఆగస్టులో బాయిలర్ పేలి
ఈ గల్ఫ్ నీళ్ళలోనే మునిగింది.
పోయినవాళ్ళు పద్నాలుగుమంది. పేర్లు లేవు.

పద్నాలుగులో ఒకడు మైలపిల్లి దానయ్య,
బొగ్గు పోసేవాడు, ఊరు కళింగపట్నం.
తన ఏటి పేరున్న ఓడలోనే పోయాడు.
నాన్న అప్పటికి నానమ్మ కడుపులో ఐదో నెల.

పక్కన పట్టికలో, ఓడ పేరుకి ఆనుకుని
వేలిగోరంత జెండా.
మూడు రంగులు, నడుమ చక్రం.

నలభైమూడులో ఆ చక్రం ఎక్కడిది?
నానమ్మ ట్రంకుపెట్టెలో ఫొటో ఉండేది.
ఓడ వెనక కర్రకి తెల్లగుడ్డ,
నిలువునా అడ్డంగా ఒక గీత, మూలన దొరల గుర్తు.
గీత ఎర్రదే,
ఫొటోలో మాత్రం మసిలా నల్లగా పడింది.

మార్చాను.
తెల్లారేసరికి మళ్ళీ చక్రం.
ఎవరో అభిమానంతోనే పెట్టుంటారు, తిట్టలేను.
మళ్ళీ మార్చాను.

పై మంచం మీంచి తవిటయ్య తల వేలాడేశాడు.
"ఏటి బావా, మనది పీకేసి
తెల్లోడిది ఎగరేస్తన్నావేటి?"

ఆ గుడ్డంటే నాకేం మోజురా!
నెలకి పదహారు రూపాయలిచ్చిన గుడ్డ అది.
చచ్చిపోయాడని కొట్టిన టెలిగ్రాములో
దానయ్యని డానియల్ చేసిన గుడ్డ.
అయినా, మోయించిన బొగ్గుకి
మోయించినవాడి జెండానే సాక్షి.
దాన్ని తీసేస్తే
వాడి బాకీ కూడా చెరిపేసినట్టే.
మనది అప్పటికింకా పుట్టలేదు.
పుట్టని దాని నీడలో
ఆయన్ని ఎలా పడుకోబెట్టను?

తవిటయ్య గోడవేపు తిరిగి పడుకున్నాడు.
ఒప్పుకున్నట్టో, నిద్రొచ్చినట్టో.

ఓడలకి జెండాలు లెక్కపెట్టి ఇచ్చే
స్టోరు గుమాస్తా యాకూబ్‌కి చూపించాను.
కళ్ళజోడు నుదుటికెక్కించి
సగం హిందీలో, సగం అరబ్బీలో అన్నాడు:
"మా జెండాకి ఇప్పుడు ఐదు పళ్ళు.
బళ్ళో మేం కత్తెరతో ఎనిమిది కోసేవాళ్ళం.
మా అన్న పెళ్ళి ఫొటోలోనూ ఎనిమిదే.
స్టూడియోవాడు రంగులేస్తూ ఐదు చేశాడు.
ఆ ఫొటో నేను గోడకి పెట్టలేదు."
టీ పోశాడు.
ఇంకేం మాట్లాడలేదు.

మూడోసారి మార్చినప్పుడు
చెల్లెల్ని అడిగి ఫొటో తెప్పించుకుని ఎక్కించాను.
కారణం రాయమన్న చోట రాశాను:
"ఆనాటిది ఇదే. మెచ్చి పెట్టలేదు."
ఇవాళ్టికి పదకొండు రోజులు. నిలిచింది.
పడుకునే ముందు తెరిచి చూస్తాను.
అద్దంలో గాలి లేదు, అది ఎగరదు.
వేళ్ళతో సాగదీస్తే ఎర్రగీత
చుక్కలు చుక్కలుగా విడిపోతుంది.
పద్నాలుగు పేర్లలో ఒక్కటి మాత్రం రాశాను.
మిగతా పదమూడూ నాకు తెలీవు.

పేర్లు చెరిపేవాడికి తెలిసిన సంగతి ఒకటుంది.
ఓడ పేరుని ముందు వెల్డింగ్ గీతలతో పోసి
దాని మీద రంగు వేస్తారు.
ఎన్ని పూతలు పూసినా
సాయంత్రం ఎండ ఏటవాలుగా తగిలితే
కొత్త పేరు కింద పాత పేరు లేచి నిలబడుతుంది.
గ్రైండర్ పట్టు, నున్నగా పట్టు అంటాడు ఫోర్‌మన్.
పడతాను. అన్నం పెట్టే పని.

ఈమధ్య
మరీ అంత నున్నగా పట్టడం లేదు.