అరిగిన ఉలి

కుప్పంలో దస్తగిరి అంగడి నుంచి
దినానికి తొమ్మిదినూర్ల బాడిగకు సుత్తి మిషను,
దానికి తోడు దగ్గుతా ఉండే జనరేటరు,
కదిరప్ప మామ చంకన సద్దిమూట.
గుడుపల్లె దాటినాక వంక ఎండిపోయి
అడుగు రాయి బయటపడి ఉండాది,
ఏనుగొకటి పండుకోని
లేవడం మరిచిపోయినట్ల.

మామ చెప్పులిడిచి రాయి మింద నడిచినాడు.
మూతబడిన గనిలో పద్నాలుగేండ్లు చేసినోడు,
చెవులు ఆడే వదిలిపెట్టి వచ్చినోడు.
"ఈడ" అన్నాడు, మడమతో తట్టి.
పలుగురాయి ఈనె, సన్నంగా,
తమలపాకు వీపున ఉన్నట్ల.

మిషను నోరు తెరిచింది.
మొదట మణికట్టు, తర్వాత మోచెయ్యి,
దవడ, పండ్లు,
ఆఖరికి నా పేరు గూడా
నాలో వదులైపొయ్యింది.
మామ అరచెయ్యి రాతికానించి కండ్లు మూసుకున్నాడు.
నాకు మోత. ఆయనకి మాట.
వేలు తిప్పితే ఉలి వాల్చల్ల,
వేలెత్తితే ఆపల్ల.

మధ్యాన్నానికి జానెడు దిగినాం.
పగులులో ఏ కాలపు వానదో ఇసక,
గాజు ముక్క, ఎండ్రకాయ డొప్ప.
చెంచాతో గీకి, పుల్లతో గెలికి,
రేకు తట్టలో పోసి
గుంతలో మిగిలిన బురదనీళ్ళతో గాలించినాం.
అమ్మ బియ్యం గాలించేటప్పుడు
బరువుగా అడుగున మిగిలిందాన్ని
వాకిట్లోకి ఇసిరేసేది.
ఈడ తేలిందంతా పొయ్యింది.
అడుగున నల్లిసక,
దాంట్లో ఒకటి.
ఆవగింజని ఆరుగా కోస్తే ఒక పాలు.
మామ వేలు తడిచేసి దాన్ని అంటించుకోని
"ఉండాది" అన్నాడు.
అన్నాడు కాదు, అరిచినాడు. చెవిటోడు గదా.
వంకంతా ఇనిపించింది.

మాపటికి దస్తగిరి ఉలి తిప్పి చూసినాడు,
బొటనేలితో మొన నిమిరినాడు,
"కాలంగుళం అరిగిందే" అని
ఇంగో మూడునూర్లు రాసుకున్నాడు.
కాలంగుళం ఇనుము!
అంత బరువు బంగారు
మా మూడు తరాల్లో ఎవురూ చూసిండరు.
ఎత్తుకొచ్చినాం అనుకుంటిమి గానీ
రాయి లెక్కలో
పెట్టి వచ్చిందే జాస్తి.

ఇంటికాడ గంగులమ్మ చెంబు చేతికిస్తే
నీళ్ళలో సుళ్ళు, సుళ్ళ మింద సుళ్ళు.
చెయ్యింకా మిషను మిందే ఉండాది.
"చలిజరమా?" అనింది.
మామ నా మణికట్టు పట్టుకోని
కండ్లు మూసుకోని
పొద్దున రాయిని ఇన్నట్లే
రొంచేపు ఇన్నాడు.
ఏమీ చెప్పలా.
మెల్లింగా ఒక వేలు ఎత్తినాడు.