ఇనుప కడియం

ఫియోర్డ్ అడుగు లంగరుకు అందలేదు.
మూడు వందల బారల నీళ్లు, ఆపైన నిట్టనిలువు కొండ.
హాల్‌డిస్ తెరచాప దించి
రాతిలో దిగ్గొట్టిన ఇనుప కడియానికి
పడవను కట్టేసింది, చూడకుండానే.

బిర్చ్ వేళ్లు పట్టుకుని ఎక్కాం.
మోకాళ్లు మొరాయించే చోట
అరచేతంత గడ్డినేల, పైకప్పు కూలిన ఇల్లు,
గుమ్మం పక్కన ఇంకో కడియం.

"ఇది దేనికి? మేకకా?"
"నాకు" అంది.
"అమ్మ గడ్డి కోసేటప్పుడు
నడుముకి తాడు.
అంచుకి రెండడుగుల ఇవతల ఆగిపోయేది
నా లోకం."

కిందికి చూశాను.
గోరంత పడవ
గాలి వచ్చినప్పుడల్లా
తాడు పొడవునా వెళ్లి
వెనక్కి వస్తోంది.

హాల్‌డిస్ కడియంలో వేలు పెట్టి తిప్పింది.
తుప్పు రాలింది.
"పద, గాలి ఉండగానే పోదాం" అంది,
ముందు తనే దిగుతూ.