మీరేమైనా అడుగుతారా?

నక్కలగుట్ట, ఫైనాన్స్ కంపెనీ మూడో అంతస్తు.
ఏసీ గదిల ఫైలు మీద నా చేతుల తడి.
"రిస్క్ అంటే?" అన్నడు టై కట్టుకున్న సారు.

పుస్తకంల మాట నోటిదాక వచ్చింది.
మింగేసి, ఎనుమాముల యార్డు సంగతి చెప్పిన:
పొద్దున జెండాపాటల ఒక ధర,
మా బస్తాలు కాంటా ఎక్కేసరికి ఇంకో ధర,
నడుమ మబ్బు పట్టిందంటే
మిర్చి మీద పరదా గుంజుకుంట మా చిన్నమ్మ
మొగులు దిక్కు చూసే చూపు,
అదీ సార్.

ఆయన రాసుకున్నడు. మేడం నవ్వింది.
చక్రవడ్డీ అడిగిండ్రు. అది కాయితం లేకున్నా వచ్చు,
నూటికి మూడు చొప్పున
ఏండ్ల తరబడి ఇంట్ల విన్న.

"మీరేమైనా అడుగుతారా?"
నేను చదవకుండ వచ్చిన ప్రశ్న ఇదొక్కటే.

"కిస్తీ కట్టనోళ్ల ఇంటికి ఎవరు పోతరు సార్?"

ఇద్దరు మొఖాలు చూసుకున్నరు.
"మొదటి రెండు నెలలు ఇంటర్న్‌లే."
ఏరియా లిస్టు నా దిక్కు తిప్పిండు.
నాలుగో లైన్ల కరీమాబాద్,
మా గల్లీ.

కింద జిరాక్స్ షాపు ముందట
అక్క చెప్పులు ఇడిసి చేతవట్టుకున్న.
మడిమె ఒరుసుకపోయింది.
సాయంత్రం ఫోన్ చేస్తమన్నరు.
చేస్తే ఎత్తాల్నా, వద్దా...

బస్సొచ్చింది, ఎక్కిన.